పూతకి వదిలిన దుబ్బు

ఆగస్టు 29, గురువారం

మొక్కలు ఎండబెట్టి షీట్లకి అంటించే హెర్బేరియం ప్రాజెక్టులో నాకు గడ్డిజాతులు పడ్డాయి. మా క్లాసు హేమంత్‌కి మందారాలు. వాడి అదృష్టం.

సత్యప్రియ మేడమ్ బీరువా తెరిచి చూపించారు. కాలేజీ పెట్టినప్పటి నుంచి అడవి వరి షీటు ఒక్కటీ లేదట. తెస్తే నా పేరుతో బీరువాలో ఉండిపోతుందట. వేరు ఉండాలి, కంకి ఉండాలి, పువ్వు ఉండాలి. పువ్వు లేకపోతే తీసుకోరు. లాస్ట్ డేట్ అక్టోబర్ 21.

ఆగస్టు 31

మామ్మతో కలుపుకి వెళ్ళాను. చేను ప్రసాద్ గారిది. నా కంటికి అంతా వరే. మామ్మ మాత్రం వంగుని, మొదళ్ళు తడుముతూ, చూడకుండానే అడవి వరి ఏరి పీకేస్తోంది. ఎలా తెలుస్తుందంటే, గరుగ్గా తగల్తదే, నీకు తెలట్లేదా అంది. తెలియలేదు. ఫైనలియర్ బోటనీ నేను! సిగ్గేసింది, అంతకన్నా ఆశ్చర్యమేసింది.

గట్టు పక్క ఒక్క దుబ్బు పూతకి వదలమన్నాను. కలుపు వదిలేసి కూలెలా తీసుకుంటానే అని దెబ్బలాడింది. ప్రసాద్ గారిని నేనే అడిగాను. ఆయ్, ఒక్కదానికేం, ఉంచుకోమ్మా అన్నారు. ఎర్ర రిబ్బన్ కట్టాను.

సెప్టెంబర్ 14

రెండో కలుపు. మామ్మ ఇంటికొచ్చి చెప్పింది. దుబ్బు పీకేసిందట. తనే. రిబ్బన్ చేతికి తగిలాక గాని తెలియలేదట. చెయ్యి దానంతటదే పోయిందే అంది.

నేను అన్నం తినలేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం

చర్చిలో మామ్మ పక్కన కూర్చుంటే ఆ చేతులే చూశాను. నలభై ఏళ్ళ అలవాటు. నా రిబ్బన్ ఏపాటిది? కోపం పోయింది.

అక్టోబర్ 6

మామ్మా నేనూ కాలవ గట్లన్నీ తిరిగాం. ఊద, గరిక, తుంగ తప్ప అడవి వరి లేదు. అన్నిచోట్లా కలుపు మందు కొట్టేశారు.

అక్టోబర్ 17

మామ్మకే తట్టింది. ఐ.పోలవరంలో జోజి బాబాయి రొయ్యల చెరువు మానేసి మూడేళ్ళయింది. అక్కడ ఎవరు పీకేరు కనక అంది.

అక్టోబర్ 19, శనివారం, ఉదయం 10.10

గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

చెరువు నిండా అడవి వరి. నడుమెత్తు. ఎర్రటి పొడుగు ముళ్ళతో కంకులు. ఇప్పుడే, మేం చూస్తుండగా, పొట్టు విచ్చుకుంటోంది. సన్నటి దారాలు జారి వేలాడుతున్నాయి, చివర పసుపు. ఒక్కో పువ్వుకి ఆరు. ఒకటి తర్వాత ఒకటి, కంకంతా. చప్పుడే లేదు. పుస్తకంలో డయాగ్రమ్ ఎన్నిసార్లు గీశానో. ఇది అది కాదు.

మామ్మ చెప్పులు విప్పేసింది. ఇన్నేళ్ళు పీకేనే, పూత దాకా ఎప్పుడైనా రానిచ్చేనా అంది. కళ్ళు తుడుచుకుంది.

10.55

పూత ముడుచుకుపోకముందే తియ్యాలి. పీకు మామ్మా అన్నాను. చెయ్యి రావట్లేదే, నువ్వే తియ్యి అంది.

తీశాను. మామ్మ గట్టు మీద కాళ్ళు చాపుకుని, దాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టి, వేళ్ళ మట్టి పోయేదాకా పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసింది.