గీతను తాకిన గుండు

మే 1984, ఆదివారం రాత్రి. నరసరావుపేట.

ఎయిర్‌గన్ పోటీలో చివరి గుండు దాకా నేనూ, రైసుమిల్లు వారి శేఖరూ సమానం. చివరి గుండు ఇద్దరిదీ పది పాయింట్ల గీతనే తాకింది. జడ్జిగా కూర్చున్న ప్లీడరు మేం గురిపెట్టి కాల్చిన అట్టల్ని గోటితో తడిమి వాడికి పది, నాకు తొమ్మిది వేశాడు.

"గీత తగిల్తే పదేనని పొద్దున చెప్పింది మీరే గదండీ?"

"ఏందిరా, నాకే చెప్తన్నావా? పక్కకి పో!"

అప్పుడు శేఖర్ నవ్వుతూ తనకిచ్చిన కప్పు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తీసుకోరా తమ్ముడూ, ఇట్టాంటియ్యి మా ఇంట్లో చానా ఉండయ్."

జనం వాడికే చప్పట్లు కొట్టారు! జడ్జిది తప్పని వాడు ఒక్క మాట అనలేదు గాని, నాకు రావలసింది నాకే దానం చేసి పెద్దమనిషయ్యాడు. కప్పు బల్ల మీద విసిరికొట్టి, నా అట్ట లాక్కుని వచ్చేశాను.

ఇప్పుడే మళ్లీ దీపం ముందు పెట్టి చూశాను. గీత తెగింది. పదే.