మావయ్య రేవు నుంచి గీసిన మ్యాపు

4 ఫిబ్రవరి 2008, సోమవారం

నా నోటుపుస్తకాన్ని మూర్తి మాస్టారు తన పేరుతో అచ్చు వేయించుకున్నారు. ఇంతకంటే మెత్తగా రాయడం నాకు చేతకాదు.

ఏలూరు బస్టాండు, పుస్తకాల కొట్టు. క్లిప్పుకి వేలాడుతోంది. పసుపు అట్ట — 'ఏలూరు చుట్టూ ఒక్క రోజు: యాత్రికుల కరదీపిక'. కింద ఆయన పేరు, పేరు పక్కన ఎం.ఏ. టూరిస్టులని సుమోలో కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా కొనడానికి దిగినవాణ్ణి. అక్కడే నిలబడి సగం చదివేశాను. ఎండెక్కకముందే గుంటుపల్లి గుహలు, దారిలో ద్వారకా తిరుమల, భోజనాలయ్యాక తివాచీల వీధి, సాయంత్రం కొల్లేరు. మూడేళ్లుగా నేను తిప్పుతున్న వరుస. మాటలూ నావే. అక్కడక్కడ 'చూడండి' తీసేసి 'తిలకించవచ్చును' అని పెట్టారు.

గుండ్రటి గుహ గురించి నేను రాసుకున్నది — లోపల నిలబడి పైకి చూస్తే రాతిలో వాసాలు చెక్కి ఉంటాయి, మా అమ్మమ్మ తాటాకు పాకలో పడుకుని చూసినట్టే ఉంటుంది. అచ్చులోనూ అలాగే ఉంది. మా అమ్మమ్మ పాక! మాస్టారు పుట్టింది ఏలూరు పవరుపేటలో, రెండంతస్తుల డాబాలో.

సుమోలోంచి హారను కొడుతున్నారు. నీళ్ల సీసా మర్చిపోయి పుస్తకం కొనుక్కొచ్చాను.

5 ఫిబ్రవరి

మొత్తం చదివాను. రెండుసార్లు.

ఆఖరి పేజీ అడుగున చీమలంత అక్షరాలు — సహకారం: సత్తిబాబు (డ్రైవరు).

అది కాదు అసలు దెబ్బ. ముప్పయ్యొకటో పేజీలో మ్యాపు ఉంది. తుమ్మల మడుగుకి దారి. గూడబాతులు గూళ్లు కట్టే చోటు. ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ నీళ్లలో తూడు మొక్కలు అడ్డం వస్తాయో, అన్నీ.



6 ఫిబ్రవరి

ఎలా పోయిందో ఆయన చేతికి... రాస్తాను. నేనే ఇచ్చాను.

ఎనిమిదిలో బడి మానేశాను. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది మా ఇంట్లో అందరి పనీ పోయింది, అప్పటికే స్టీరింగు పట్టుకున్నాను కాబట్టి నేను మాత్రం నిలబడ్డాను. టూరిస్టులు ఏదడిగినా తెలియదండీ అనడం సిగ్గేసి లైబ్రరీకి వెళ్లడం మొదలెట్టాను. అక్కడే మాస్టారు. రిటైరైన లెక్చరరు. ఏం చదువుతున్నారని అడిగారు. నన్ను 'సత్తిబాబు గారూ' అన్నారు. నా బతుకులో నన్ను గారూ అన్న మొదటి మనిషి. బండి ఓనరు ఒరే అంటాడు, టూరిస్టులు డ్రైవరూ అంటారు.

ఆ 'గారూ'కి పడిపోయాను.

రాసుకున్నది చూపిస్తే తప్పులు దిద్దుతానన్నారు. గైడు పుస్తకానికి మ్యాపు ఉండాలండీ, ఇది మీరు తప్ప ఎవరు గీయగలరండీ అన్నారు. ఆ రాత్రే గీసేశాను. స్కేలు కూడా లేదు, సిగరెట్టు పెట్టె అంచు పెట్టి గీశాను.

కొల్లేటి మధ్య మావయ్య వాళ్ల లంకలో ఒక కట్టుబాటు. బాతులు గుడ్ల మీద కూర్చున్నప్పటి నుంచి పిల్లలు ఎగిరేదాకా తుమ్మల మడుగులోకి ఎవరి దోనే పోదు. వల వేయడానికైనా సరే, చేపల మావు పెట్టడానికైనా సరే. మిగతా రోజుల్లో కూడా ఇంజను పనికిరాదు, గెడ వేసుకుంటూ మాట్లాడకుండా పోవాలి. దారి బయటివాళ్లకి చెప్పకూడదు. మావయ్య నన్ను తన తాటిదోనెలో తీసుకెళ్లి చూపించాడు, మేనల్లుణ్ణి కాబట్టి, ఆ లంకలో పెరిగినవాణ్ణి కాబట్టి. చూడు, చెప్పకు — అంతే అన్నాడు.

ఇది అచ్చుకి కాదండీ, మీరు చూడ్డానికే అని మాస్టారితో స్పష్టంగా అన్నాను.

8 ఫిబ్రవరి

తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర సుమో ఎక్కారు — హైదరాబాదు దంపతులు, ఒక పెద్దావిడ. ఆవిడ చేతిలో పసుపు పుస్తకం. గుహ దగ్గర నేను నోరు తెరిచేలోపు ఆవిడ చదివి వినిపిస్తోంది. నా మాటలు నాకే. మధ్యలో ఆగి, ఏమయ్యా, ఈ పుస్తకంలో ఉన్నంత బాగా నువ్వు చెప్పట్లేదే అంది.

అవునండీ అన్నాను.

తివాచీల వీధిలో దస్తగిరి తాతకి చెప్పుకున్నాను. మగ్గం ముందు కూర్చుని ముళ్లు వేస్తూనే విన్నాడు. నవ్వాడు. "యాభై ఏళ్లుగా ముళ్లు నేను వేస్తున్నాను బాబూ. ఎవరింట్లో పరిస్తే తివాచీ వాళ్లదంటారు. నీ పేరు కనీసం అడుగునైనా వేశారు, నీది నయం."

పక్క మగ్గం వాళ్లు కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా పేరు సంగతి నేనూ మింగేస్తాను తాతా, ఆ ఒక్క పేజీ మింగుడుపడటం లేదు అన్నాను. తాత చెయ్యి ఆగింది. ఏ పేజీ అన్నాడు. చెప్పాను. తర్వాత ఇంక నవ్వలేదు.

10 ఫిబ్రవరి, ఆదివారం

అత్తయ్య ఫోను. "మీ మావయ్య దోనె బోర్లించేశార్రా."

11 ఫిబ్రవరి

సెలవు అడిగితే ఓనరు ఇవ్వలేదు. తాళాలు బల్ల మీద పెట్టి బస్సెక్కాను.

జరిగింది ఇది. నిన్న పొద్దున అవతలి ఊరి రేవు నుంచి ఇంజను పడవ. ఎనిమిది మంది. పసుపు పుస్తకం తెరిచి పెట్టుకుని, వేలుతో చూపించుకుంటూ, తిన్నగా తుమ్మల మడుగులోకి. ఫొటోల కోసం చెట్ల కిందకి. బాతులన్నీ ఒక్కసారి లేచాయట, ఆ చప్పుడు లంక దాకా వినిపించిందట. అవి మళ్లీ దిగేలోపు కాకులు దిగాయి. గూళ్లలో ఈకలు రాని పిల్లలు. నీళ్లలో పడ్డవి కొన్ని. మిగతాది రాయను.

ఆ ఎనిమిది మందినీ ఏం చేస్తారు? టూరిస్టులు. నమస్కారం పెట్టి పంపించేశారు. వాళ్ల దగ్గర పుస్తకం మాత్రం లాక్కున్నారు.

మ్యాపు చూశారు. మ్యాపు మావయ్య రేవులో మొదలవుతుంది.

ఇది మాస్టారి తప్పు కాదు. నాది. పడమటి వైపు రోడ్డు నుంచి గీయచ్చు, అవతలి ఊరి నుంచి గీయచ్చు. నాకు తట్టలేదు. కొల్లేరు అంటే నాకు మావయ్య రేవు నుంచే మొదలు. అక్కడ పాతిన రెండు రాటలు, వంగిన తాడిచెట్టు — అన్నీ గీశాను. అచ్చులో అన్నీ ఉన్నాయి. లంకలో చదువు రానివాళ్లు కూడా వేలు పెట్టి, ఇది ఫలానా వాడి రేవు అని చెప్పేశారు.

దోనె గట్టు మీద బోర్లా ఉంది. కట్టుబాటు తప్పినవాడికి లంకలో అదే శిక్ష. అందరూ నడిచే దారి పక్కనే పెడతారు, కనపడాలని. వచ్చే ఏడాది బాతులు తిరిగొచ్చేదాకా తిప్పకూడదు. అప్పటిదాకా మావయ్య నీళ్ల మీదికి వెళ్లకూడదు, వేట లేదు.

లంక పెద్ద అప్పారావు గారి దగ్గరికి వెళ్లాను. మ్యాపు నేను గీశానండీ, మావయ్యకి ఏమీ తెలియదండీ అన్నాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. మంచినీళ్లు ఇప్పించారు. తర్వాత అన్నారు —

"మీ మావయ్యని కాపాడుకోడానికి వచ్చావు, సంతోషం బాబూ. మీ అమ్మ నిన్ను బాగా పెంచింది. కానీ పుస్తకం మీద పేరు ఆ పంతులు గారిది. ఆయన్ని మేమెప్పుడూ నీళ్ల మీద చూడలేదు. దారి చెప్పింది రేవు ఉన్నవాడే."

నేను గీశానండీ అని మళ్లీ అన్నాను.

"నీ చేత్తో గీసింది ఉంటే పట్టుకురా. ఇరవైనాలుగు ఆదివారం పొద్దున అందరం కూర్చుంటాం. చూస్తాం."

నిజం చెబితే పెంపకాన్ని మెచ్చుకుని పంపించేశారు.

12 ఫిబ్రవరి

నోటుపుస్తకం మాస్టారి దగ్గరే ఉంది. తిరిగి తీసుకోలేదు. అడగడం మర్యాద కాదనుకున్నాను.

14 ఫిబ్రవరి

వెళ్లాను.

వాలుకుర్చీలో ఉన్నారు. పక్కన స్టూలు మీద పసుపు కట్టలు. రండి అనలేదు. రా అన్నారు. కాఫీ తాగుతావా అన్నారు. అంతకుముందు తాగుతారా అనేవారు. అచ్చయ్యాక 'గారూ' అవసరం తీరిపోయింది.

మడుగులో జరిగింది చెప్పాను. అయ్యో అన్నారు. నిజంగానే బాధపడ్డారు, అది అబద్ధం రాయను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, ప్రకృతి అందరిదీ కదా సత్తిబాబూ, చూడాల్సినవి దాచిపెడితే ఎలా అన్నారు. రెండో ముద్రణలో జాగ్రత్తగా వెళ్లవలెను అని ఒక వాక్యం వేయిస్తానన్నారు.

నోటుపుస్తకం ఇప్పించండి అన్నాను.

వెతకాలి అన్నారు. ఎక్కడో పెట్టాను అన్నారు. ప్రెస్సు వాళ్ల దగ్గర ఉండిపోయిందేమో అన్నారు. మూడు మాటలు, మూడు సాకులు. ఆయనకీ తెలుసు — అది బయటికొస్తే ఎం.ఏ. పక్కన నా దస్తూరీ నిలబడుతుంది.

నేను లేచాక అన్నారు — "అచ్చు వేయొద్దని నువ్వు నాతో అనలేదు. అని ఉంటే వేసేవాణ్ణి కాదు."

15 ఫిబ్రవరి

అన్నాను.

అన్నానా.

16 ఫిబ్రవరి

ఆరో తారీఖు పేజీ తిరిగి చదివాను. స్పష్టంగా అన్నాను అని రాసుకున్నాను. నా డైరీకి నేనే అబద్ధం చెప్పాను.

అనలేదు. మ్యాపు ఇచ్చినప్పుడు ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూసి, అద్భుతం సత్తిబాబు గారూ అన్నారు. ఆ మాట తర్వాత ఇది దాచండి అనడానికి నోరు రాలేదు. అనాలని అనుకున్నాను. బస్సులో అనుకున్నాను. ఇంటికొచ్చాక అనుకున్నాను.

ఆయన నన్ను మోసం చేశారు. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ మావయ్యని మోసం చేసింది ఆయన కాదు. ఆయనకి మావయ్య ఎవరో కూడా తెలియదు.

17 ఫిబ్రవరి, ఆదివారం

లంక. మావయ్య ఇంటి వెనక, ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. తన దోనె ఉన్న వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అత్తయ్య చేపల పులుసు పెట్టింది, ఎవరో ఇచ్చిన చేపలు. ఏరా, ఉద్యోగం మానేశావంట, ఇంక టూరిస్టులకి మమ్మల్ని చూపిస్తావా అంది. ఎగతాళికే అంది. మావయ్య తల ఎత్తలేదు.

అత్తయ్య లోపలికి వెళ్లాక చెప్పాను. మొత్తం. సిగరెట్టు పెట్టె అంచు దాకా.

వల ముడి పూర్తి చేశాడు. దారం పళ్లతో తెంపాడు.

"నువ్వు గీశావంటే నేను నమ్ముతాన్రా. ఆ తాడిచెట్టు వంపు ఇంకెవడికీ రాదు."

అప్పారావు గారు నమ్మలేదు. మావయ్య ఒక్కడే నమ్మాడు. నమ్మనివాళ్ల ముందు నిలబడటం సులువు.

ఆదివారం వస్తాను, అందరి ముందూ చెప్తాను అన్నాను. మావయ్య వద్దన్నాడు. దోనె ఏడాదికి తిరుగుతుంది, నువ్వు దారి అమ్ముకున్నావని తెలిస్తే మళ్లీ ఈ లంకలో కాలు పెట్టలేవు, మీ అమ్మ కూడా పెట్టలేదు. నోరు మూసుకుని ఏలూరు పో అన్నాడు.

అమ్ముకోలేదు మావయ్యా అన్నాను.

తెలుసు అన్నాడు. మరి ఎందుకు ఇచ్చావు అని అడగలేదు. అడిగితే మాస్టారు నన్ను 'గారూ' అన్నారని చెప్పాలి.

18 ఫిబ్రవరి

మాస్టారింటికి మళ్లీ. గేటుకి తాళం. గేటు లోపల చెప్పులు.

19 ఫిబ్రవరి

ఓనరు కబురు పెట్టాడు. అత్తిలి నుంచి పన్నెండు మంది టీచర్లు, సుమో చాలదు, వ్యాను, పసుపు పుస్తకంలో ఉన్నవన్నీ చూపించాలంట — మడుగుతో సహా. వస్తావా రావా అని.

రాను.

20 ఫిబ్రవరి, బుధవారం

ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చింపాను. తిట్లు అన్నీ మొదటి మూడింటితో పోయాయి. మాస్టారి గేటులోంచి లోపలికి వేసి వచ్చాను, చెప్పుల పక్కనే పడింది. నకలు ఇక్కడ.

మూర్తి మాస్టారికి,

నా రాతని మీ పేరుతో అచ్చు వేసుకున్నారు. దాని గురించి ఈ ఉత్తరం కాదు. పుస్తకం మీరే ఉంచుకోండి, పేరు మీరే ఉంచుకోండి.

మ్యాపు మీకు ఇచ్చినప్పుడు అచ్చు వేయొద్దని నేను అనలేదు. మీరన్నది నిజం. కాబట్టి తప్పు మీ మీద పెట్టడానికి నోటుపుస్తకం అడుగుతున్నానని భయపడకండి. నా మీద పెట్టడానికి అడుగుతున్నాను. అందులో మ్యాపు పక్కన నా దస్తూరీ ఉంది. అది చూపిస్తే తప్ప మా లంకలో నేను దోషినని ఎవరూ నమ్మరు. నేను దోషిని కాకపోతే మా మావయ్య దోషి. వద్దని ఆయన చెప్పినా సరే నేను వెళ్తాను.

ఆదివారం పొద్దున పెద్దలు కూర్చుంటారు. శనివారం, ఇరవైమూడో తారీఖు, మధ్యాహ్నం పన్నెండు లోపు నోటుపుస్తకం పంపండి. పంపడం ఇష్టం లేకపోతే, సత్తిబాబు నోటుపుస్తకం నా దగ్గర ఉంది, ఇవ్వను అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపండి. గీసింది నేనేనని చూపించడానికి నాకు అదీ చాలు.