మూడో నెల దానానికి ముందే పడ్డ పేరు

కొస్వత్త, సోమవారం

మధ్యవర్తుల మండలి పెద్ద పియసేన మాస్టారు గారికి యసవతి దణ్ణం పెట్టి రాసేది. నేను అయిదో తరగతి దాకే చదివాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

నా కొడుకు జగత్, బస్సు కండక్టరు, డెంగ్యూ జ్వరంతో పోయి రెండు నెలలు దాటింది. మూడో నెల నాడు భిక్షువులకు అన్నం పెట్టి, కొమ్ముచెంబుతో నీళ్ళు వంచి, పుణ్యం వాడికి ధారపోయాలి కదా. ఆ రోజు దానం ఇచ్చేది నేనని పేరు రాయిద్దామని విహారానికి పోతే, అక్కడ ఒక పేరు ముందే ఉంది! ఎమలిన్. మాతర టౌన్లో వాడు పదకొండేళ్ళు అద్దెకున్న ఇంటావిడ.

ఆవిడకే ఫోను చేసి "ఇదేంటమ్మా?" అని అడిగితే, "మా అబ్బాయి కదక్కా" అంది.

మా అబ్బాయట! వాడు ఎవరి కొడుకో మీరు తీర్పు చెప్పండి.

ఇట్లు,
జగత్ తల్లి (ఒక్కతే)

తా.క. ఆవిడ చేసే పులుపు చేప బాగుంటుందని వాడు ఒకసారి నోరు జారాడు. మీకు తెస్తే తినకండి. అది లంచం.

---

కొస్వత్త బడి, బుధవారం

చెల్లెమ్మ యసవతికి,

మేం తీర్పులు చెప్పం. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి వింటాం, అంతే. దారి మీరిద్దరే వెతుక్కోవాలి. ఆదివారం తొమ్మిదింటికి బడికి రండి. మీ బాధ నాకు అర్థమవుతున్నది.

ఇట్లు,
పియసేన

తా.క. చేప సంగతి గుర్తుపెట్టుకుంటాను.

---

కొస్వత్త, సోమవారం

మాస్టారు గారికి,

నిన్న మీ ఎదుట అనలేక రాస్తున్నాను. "మీ బాధ నాకు అర్థమవుతున్నది" అని ఆవిడక్కూడా రాశారట! బడి వరండాలో చూపించింది. అదే మాట, అదే చేతిరాత. మీకు అర్థమైంది ఎవరి బాధ? నాదైతే ఆవిడకెందుకు రాశారు?

తర్వాత మీరు పెట్టిన ఆ పద్ధతి. ఆమె మాట నేను చెప్పాలి, నా మాట ఆమె చెప్పాలి. నేను లేచి, "వండి పెట్టింది, అద్దె తీసుకుంది" అని కూర్చున్నాను. ఆవిడ లేచి, "నేను యసవతిని. పొద్దున బస్సు హారన్ వినపడితే ఇప్పటికీ రెండో కప్పులో టీ పోస్తాను" అంది.

మాస్టారూ, ఆ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. మీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా ఏడుపు నాకన్నా ఆవిడే బాగా ఏడ్చింది! నేనెలా ఓర్చుకోను?

ఇంకో ఆదివారం ఇవ్వండి. ఆవిడ మాట ఆవిడకన్నా బాగా చెప్పి చూపిస్తాను. దానికి కావలసిన సంగతులన్నీ పట్టుకొచ్చుకోవడానికి రేపే మాతర పోతున్నాను.

ఇట్లు,
జగత్‌ని కన్న తల్లి

తా.క. ఆవిడతో విడిగా నలభై నిమిషాలు మాట్లాడారు. నాతో పాతికే. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది.

---

కొస్వత్త బడి, శనివారం

చెల్లెమ్మా,

ఎమలిన్ గారి చిరునామాకే రాస్తున్నాను. మీ ఇంటికి అయిదు రోజులుగా తాళమే ఉంది. మండలిలో నాకు పద్నాలుగేళ్ళ అనుభవం. అవతలి పక్షం ఇంట్లో ఇన్నాళ్ళు మకాం పెట్టినవాళ్ళను చూడలేదు. ఇద్దరూ క్షేమమేనా? మీకు తగ్గిన పదిహేను నిమిషాలూ తప్పకుండా ఇస్తాను.

ఇట్లు,
పియసేన

తా.క. పోట్లాడుకుంటే నోటితోనే పోట్లాడుకోండి.

---

మాతర, మంగళవారం

మాస్టారు గారికి,

రాసేది నేను. మధ్యలో అడ్డుపుల్లలు వేసేది ఎమలిన్.

మొదటి రెండు రోజులూ పోట్లాటే. పొద్దున బస్సు హారన్ వినపడితే ఆవిడా రెండో కప్పులో టీ పోస్తోంది, నా సంగతి ఎలా తెలిసిందో అప్పుడర్థమైంది. వాడికి కాకరకాయ ప్రాణమంటుంది. "మా ఇంట్లో ముట్టేవాడే కాదు" అన్నాను. "వండటం తెలియాలి కదక్కా" అంది. వండించుకు తిన్నాను. బాగానే ఉంది. ఆ మాట ఆవిడతో అనలేదు.

గురువారం ఒక పిల్ల వచ్చింది. పేరు నదీకా. టైలరు షాపులో పని. చేతిలో వాడి కొలతలతో కుట్టిన చొక్కా.

"మేం పెళ్ళి చేసుకోవాలనుకున్నాం అమ్మా" అంది. ఇద్దరం ఒకేసారి "ఆఁ?" అన్నాం. అసలు ఎవర్ని అమ్మా అందో!

"నీకు చెప్పాడా?" అని నేను ఎమలిన్‌ని. "మీకు చెప్పలేదా?" అని ఎమలిన్ నన్ను. ఎవరికీ చెప్పలేదు దొంగ వెధవ. పైగా మన విహారంలో ఏడాది దానం రోజుకు ఆ పిల్ల పేరు రాయించేసుకుందట!

కాబట్టి మా పాత తగాదా కొట్టేయండి. మూడో నెల దానానికి చెంబు ఇద్దరం పట్టుకుంటాం. పెరట్లో పట్టి చూశాం, నాలుగు చేతులూ పడుతున్నాయి. ఒప్పందం కాగితం పంపండి, సంతకాలు పెడతాం. కొత్త ఫిర్యాదు రాసుకోండి. మేమిద్దరం ఒక పక్షం, నదీకా అవతలి పక్షం.

ఇట్లు,
జగత్ తల్లి
పక్కన ఎమలిన్

తా.క. వాడు ఆ పిల్ల దగ్గర పాటలు పాడేవాడట. వాడు పాడతాడనే మా ఇద్దరికీ తెలియదు. ఏం పాడేవాడని అడిగితే తలొంచుకుని వెళ్ళిపోయింది. మండలిలో అయితే చెప్పాలి కదా. ఎవరూ అడ్డు రాకుండా చివరిదాకా వినాలని మీ రూలు ఉండనే ఉంది. ఈ తగాదా మాత్రం తొందరగా తేల్చకండి మాస్టారూ. ఎన్ని ఆదివారాలైనా వస్తాం.