మందు కవరు మీద బువ్వ గిన్నె

బాపూ,

ఈరోజు మన మందుల షాపు షట్టర్ మళ్ళీ ఎత్తాను! నువ్వు చనిపోయిన ఏడాదికి నా పేరు మీద లైసెన్సు వచ్చింది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా ఈ ముచ్చట నీకు కాక ఎవరికి చెప్పను?

మొదటి గిరాకీ ఎవరనుకున్నావు? ఖిలా వరంగల్ నుంచి ఆటోలో వచ్చిన మన ఎల్లవ్వ. డాక్టరు చీటీలో "బి.డి., పి.సి." అని ఉంది. కాలేజీలో లాటిన్ మాటల పరీక్షలో నాకే ఫస్టు మార్కులు కదా, ఆగలేకపోయాను.

"అవ్వా, బిస్ ఇన్ డియే అంటే రోజుకు రెండుసార్లు. పోస్ట్ సిబుమ్ అంటే తిన్నంక. ఇవి లాటిన్ మాటలు!" అని గడగడా చెప్పాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గవన్నీ నాకు యాదికుంటయా బిడ్డా? మీ బాపు లెక్క బొమ్మ గీసియ్యి."

కవరు మీద గబగబా సూర్యుణ్ణి, చంద్రుణ్ణి గీసి ఇచ్చాను. అవ్వ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"బువ్వ గిన్నె ఏది? మీ బాపు గీసేటోడు. గిన్నె లేకుంటే ఉత్త కడుపుతోటి ఏసుకోవాలె అనుకుంట కదా!"

నిజమే బాపూ. నోటితో అంత గొప్పగా చెప్పిన మాటను చేత్తో గీయకుండా వదిలేశాను. వెంటనే గిన్నె గీశాను, నీలాగే పైన మూడు ఆవిరి గీతలతో సహా.

అవ్వ బొమ్మల మీద వేలు పెట్టి పైకి చదివింది.

"పొద్దుగాల ఒకటి, రాత్రికి ఒకటి, బువ్వ తిన్నంక."

ఆ లాటిన్‌లో ఒక్క ముక్క కూడా పోలేదు బాపూ.