విడదీసిన ఆటపెట్టె

సత్తెనపల్లి,
జూన్ 3, 2025

ప్రియమైన ఆత్రేయ అన్నయ్యగారికి,

రమ్య నమస్కారాలు. ఈ రోజుల్లో రిజిస్టర్ పోస్టులో ఉత్తరమేమిటని అనుకుంటారేమో. మీరు ఫోను ఎత్తడం లేదు. వాట్సాప్‌లో నా మెసేజీలు చూస్తున్నారు, జవాబివ్వడం లేదు. దీనికైతే పోస్టుమాన్ ముందు సంతకం పెట్టాలి కదా అని రాస్తున్నాను.

మా ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు మీరు వ్యాను తెచ్చి మా వీడియోగేమ్ పెట్టెను బ్రాడీపేట తీసుకెళ్ళారు. నన్నే సాహెబ్ గారి గేమ్స్ కొట్టు మూతపడ్డాక గోదాములో మిరపకాయల టిక్కీ బస్తాల వెనక పదిహేనేళ్ళు మగ్గిన పెట్టె అది. మొదటిసారి వెనక తలుపు తీసిన రోజు ఆ ఘాటుకి మా ఇద్దరికీ గంటసేపు తుమ్ములు ఆగలేదు. రెండేళ్ళు కూర్చుని దాన్ని ఒక దారికి తెచ్చాం. ఇంకో నెల పని ఉందనగా ఆయన గుండె ఆగిపోయింది. "మూడు నెలల్లో దీన్ని నిలబెట్టి మీ రిపేరు కొట్లో పెట్టకపోతే నేను శ్రీకృష్ణ స్నేహితుణ్ణే కాదమ్మా" అన్నారు మీరు. చుట్టాలందరూ విన్నారు. అప్పుడు నాకు దేని మీదా మనసు లేదు, సరేనన్నాను.

నిన్న ఆయన ఫోనులో మీ పాత గేమ్ మిషన్ల వాట్సాప్ గ్రూపు తెరిచాను. ఒక ఫోటోలో, హైదరాబాదులో ఎవరిదో కాఫీ షాపు గోడ మీద, ఆట పేరు రాసిన అద్దం వెలుగుతోంది. ఎడమ మూల పగులు, దాని మీద అతికిన గీత, అచ్చం మా పెట్టె అద్దానికి ఉన్నట్టే ఉన్నాయి. నేను పొరపడ్డానేమో. పొరపడ్డావని మీరు రాస్తే సంతోషిస్తాను.

మీ చెల్లెలు,
రమ్య


బ్రాడీపేట, గుంటూరు,
జూన్ 14

చి.ల.సౌ. రమ్యకు, ఆత్రేయ ఆశీస్సులు.

ప్రియమైన చెల్లెమ్మా, నీ ఉత్తరం చూసి మనసు నొచ్చుకుంది. కోచింగ్ సెంటర్లో కొత్త బ్యాచిలు మొదలై ఊపిరి సలపడం లేదు. అంతేగాని నీ ఫోను ఎత్తకుండా ఉంటానా?

పెట్టె సంగతి దాచను. ఇంటికి తెచ్చి చూస్తే చెక్కంతా చెదలు. దాన్ని నిలబెట్టడం చచ్చినవాడికి చొక్కా కుట్టించడమే. మనిషి పోయాక కళ్ళు దానం చెయ్యమూ? ఇదీ అంతే. ఆ ఒక్కటీ పోయి నాలుగైదు మిషన్లకు ప్రాణం పోసింది. అద్దం నువ్వు చూసిన చోటే ఉంది. పిక్చర్ ట్యూబు ఒంగోలులో బుల్లయ్య తన మిషనుకు పెట్టుకున్నాడు. జాయ్‌స్టిక్కులూ బటన్లూ నా మిషన్లకే సరిపోయాయి. ఆట ఉండే సర్క్యూట్ బోర్డు బెంగుళూరులో ఉండే మన చీరాల జక్రయ్య తీసుకున్నాడు. ఈ సరదాలో ఉన్నవాళ్ళందరూ చేసే పనే ఇది. టెక్నికల్ విషయాలు తెలియవు గనక నీకు బాధగా ఉంటుంది. మా శ్రీకృష్ణ ఉంటే అర్థం చేసుకునేవాడు.

ఒక చిన్న సాయం చేసిపెట్టు. వాడి రిపేరు నోట్‌బుక్కు మీ ఇంట్లో ఉండాలి, పంపు. బోర్డు మీద పాత బ్యాటరీ ఉంటే, కారి పాడుచేస్తుందని జాగ్రత్తకి పీకేసి పంపాను. జక్రయ్య దగ్గర తెర మీద ఉత్త నీలం రంగే వస్తోందట. డిసెంబరు పద్నాలుగున మా ఇంట్లో గ్రూపు కలుస్తున్నాం. ఈలోగా అది ఆడకపోతే అందరిలో నా పరువు తీస్తానంటున్నాడు. శ్రీకృష్ణ ఆ నోట్‌బుక్కులో దానికి ఏదో మందు రాసే ఉంటాడు.

నీ క్షేమం కోరే అన్నయ్య,
ఆత్రేయ


సత్తెనపల్లి,
జూన్ 20

ప్రియమైన అన్నయ్యగారికి,

చి.ల.సౌ. అని మొదలుపెట్టారు. లక్ష్మీ సౌభాగ్యవతి. మొగుడున్న ఆడదానికి రాసే మాట. ఫిబ్రవరిలో ఆయన వెంట కాటిదాకా నడిచిన మనిషి మీరు. అలవాటు కొద్దీ చెయ్యి రాసేసిందంటారు. మీ చేతికి అలవాట్లు ఎక్కువే ఉన్నట్టున్నాయి.

ఆ చెక్కకు చెదలు లేవు. ప్రతి పలకకూ వేపనూనె పట్టించింది నేను.

నోట్‌బుక్కు ఇప్పుడు నా పక్కనే ఉంది. దాన్నీ ఈ ఉత్తరాన్నీ పక్కపక్కన పెడితే ఒకే చేతిరాత. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది నేను. ఆయన బీకాం. కొట్టు మీద ఆయన పేరుంది కాబట్టి సోల్డరింగ్ ఐరన్ కూడా ఆయన చేతిలోనే ఉండేదనుకున్నారు. ఆయన టార్చి పట్టుకునేవారు, కూనిరాగం తీసేవారు, మీలాంటివాళ్ళు వస్తే టీ తెప్పించేవారు. మీరు ఎనిమిదేళ్ళు ఆ టీ తాగి, లోపల గదిలో ఎవరు పనిచేస్తున్నారో ఒక్కసారీ తొంగి చూడలేదు.

ఇక బోర్డు. ఆటను తెరిచే తాళం అందులో ఒక చిప్పుకు గుర్తుంటుంది. బ్యాటరీ ఉన్నంతసేపే ఆ గుర్తు. కొత్త బ్యాటరీ ముందు కలుపుకోకుండా పాతది పీకితే, ఆ క్షణమే అది అన్నీ మరిచిపోతుంది. గ్రూపులో అందరికీ పాఠాలు చెప్పే మాస్టారు మీరు! బోర్డును జాగ్రత్తగా చంపి, అట్టపెట్టెలో సర్ది పంపారు.

దాన్ని నేను బతికించగలను. ఇంతకుముందు రెండు బతికించాను. వేరేవాళ్ళ చేత చేయించుకుంటానంటే చేయించుకోండి. గ్రూపులో అడిగినప్పుడు మాత్రం బ్యాటరీ ఎవరు పీకారో చెప్పాల్సి ఉంటుంది.

నా చేతే కావాలంటే ఒకటే షరతు. డబ్బు కాదు. ఆ పెట్టె, అందులోంచి పోయిన ప్రతిదీ సత్తెనపల్లి రావాలి. అద్దం, ట్యూబు, జాయ్‌స్టిక్కులు, రూపాయి బిళ్ళలు వేసే తలుపు, మరలతో సహా. అలాంటివి కాదు, అవే. ప్రతిదానికీ నా గుర్తు ఉంది. ఎవరిని ఎలా బతిమాలి తెచ్చారో కాగితం మీద, మీ చేత్తో రాయండి.

కళ్ళ దానమన్నారు. ఇచ్చేవాడి ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాకే తీస్తారు కళ్ళు. మీరెవరిని అడిగారు?

రమ్య


బ్రాడీపేట,
ఆగస్టు 27

ప్రియమైన రమ్యకు,

జాయ్‌స్టిక్కులు, బటన్లు, మరలు, ఖాళీ పెట్టెతో సహా వ్యానులో పంపాను. అందే ఉంటాయి. నీ చోట ఇంకెవరైనా అయితే ఈ పట్టుదల ఇంతటితో వదిలేసేవారు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. కాఫీ షాపువాడు అద్దం ఇవ్వనన్నాడు. "సార్, ఇచ్చిన వస్తువు వెనక్కి అడుగుతారేంటండీ, చిన్నపిల్లాడిలాగా" అన్నాడు, బల్లల దగ్గర జనం ముందు. చివరికి నా సొంత మిషను అద్దం ఊడదీసి వాడి గోడకి నేనే బిగించి, మీది తెచ్చాను. బుల్లయ్య ఇంకా ఘోరం. "ట్యూబుకి ట్యూబే కావాలి, ఆడుతున్నది కావాలి" అని కూర్చున్నాడు. మూడోసారి ఒంగోలు వెళ్ళినప్పుడు గడప బయటే నిలబెట్టాడు. నా హాల్లో అన్నిటికన్నా మంచి మిషను, నేను పదేళ్ళు వెతికి తెచ్చుకున్నది, దాని ట్యూబు తీసి ఇవ్వాల్సొచ్చింది. ఇప్పుడది గుడ్డిదై నిలబడింది. మా ఆవిడ దాని మీద బట్టలు ఆరేస్తోంది.

నాకు జరిగిన నష్టం చెప్పుకుంటే తరిగేది కాదు. ఇప్పటికైనా బోర్డు తెప్పించమంటావా?

ఆత్రేయ


సత్తెనపల్లి,
సెప్టెంబరు 4

ప్రియమైన అన్నయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బట్టలు ఆరేసిన సంగతి దగ్గర గట్టిగా నవ్వాను. ఆయన పోయాక నేను నవ్వడం ఇదే మొదలు. సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను, నాకు చాలా సంతోషంగా ఉంది. బుల్లయ్యగారు మిమ్మల్ని గడప బయట ఎంతసేపు నిలబెట్టారో రాయలేదు. ఈసారి రాయండి.

బిళ్ళల తలుపు ఇంకా రాలేదు. అది వచ్చాకే బోర్డు.

రమ్య


బ్రాడీపేట,
నవంబరు 9

ప్రియమైన రమ్యకు,

గంటన్నర. చాలా?

తలుపు దొరికింది. పాత సామాన్లు కొనే ఆదెయ్య దగ్గర, సింగరాయకొండలో. అది పెట్టి కోళ్ళగూటికి తలుపు చేసుకున్నాడు. కోళ్ళని బయటికి తోలి, గూటికి కొత్త తలుపు చేయించి బిగించి, దీన్ని విప్పుకొచ్చాను. పాఠం చెప్పే మనిషిని, చొక్కా నిండా కోడిపెంట. దారిలో నా స్టూడెంటు తండ్రి ఒకాయన చూశాడు.

జక్రయ్య చేత బోర్డు నీకే పంపించాను. నా హాల్లో మిషన్లన్నీ డొల్లలయ్యాయి. నీ వస్తువులన్నీ నీకు చేరాయి. ఇక నా మీద నీకు ఏ కక్షా ఉండకూడదు. వచ్చే నెల పద్నాలుగో తేదీకి గ్రూపువాళ్ళందరూ మా ఇంటికి వస్తారు. బాగైన బోర్డు అప్పటికి నా చేతిలో లేకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? శ్రీకృష్ణ మీద గౌరవంతోనే ఇన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఇంత అవమానం నా జన్మలో పడలేదు.

ఆత్రేయ


సత్తెనపల్లి,
డిసెంబరు 8

ఆత్రేయగారికి,

బోర్డు బతికింది. మూడు రోజులు పట్టింది. పెట్టెలో పెట్టి స్విచ్చి వేశాను. ఇద్దరు తలపడే ఆట కదా, కాసేపు రెండువైపులా నేనే ఆడాను.

అది మీ దగ్గరికి రాదు. ఆ బోర్డు ఏ పెట్టెలోదో చెబుతూ జక్రయ్యగారికి జూన్‌లోనే ఉత్తరం రాశాను. ఆయన నిన్న బెంగుళూరు నుంచి వచ్చారు. ఆట ఆడారు. తర్వాత మీ ఉత్తరాలు, జూన్ నుంచి నవంబరు దాకా, కుర్చీ లాక్కుని వరసగా చదివారు. "ఇది ఈ పెట్టెలోనే ఉండాలమ్మా. నా బోర్డు సంగతి ఆత్రేయతో నేను తేల్చుకుంటాలే" అన్నారు. పద్నాలుగో తేదీన గ్రూపు కలిసేది మీ ఇంట్లో కాదు, మా కొట్లో. ఈ ఉత్తరం చేరేలోగా మీకూ కబురు తెలిసే ఉంటుంది. డొల్ల పెట్టెల మధ్య కూర్చుని ఏం చూస్తామని వాళ్ళే అన్నారట.

మిమ్మల్ని కాగితం మీద రాయించింది జక్రయ్యగారికి చూపించడానికే అనుకుంటారు. కాదు. ఫోనులో అయితే మీ గొంతులో పశ్చాత్తాపం ఉందని నేనే సర్దిచెప్పుకునేదాన్ని. కాగితం మీద ఉన్నదే ఉంటుంది. ప్రతి ఉత్తరం రాగానే ఒకే మాట కోసం వెతికాను. "రమ్యా, తప్పు చేశాను." ఆ ఒక్క ముక్క ఎక్కడ కనిపించినా బోర్డు పెట్టెలో సర్ది, నేనే బస్సెక్కి బ్రాడీపేట తెచ్చిచ్చేదాన్ని. ఆయన మీద ఒట్టు. నష్టం రాశారు, అవమానం రాశారు, కోడిపెంట కూడా రాశారు. అది మాత్రం రాయలేదు.

పద్నాలుగున ఆడటానికి జనం చాలామంది వస్తారు. రెండో జాయ్‌స్టిక్కు దగ్గర ఎవరు నిలబడినా నాకు అభ్యంతరం లేదు. మీరు మాత్రం రావద్దు.

రమ్య