మరియం అమ్మిన ఎండురొయ్యల పొడి

అక్కా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నీ పటానికి దండ వేసి, పరుగున వచ్చి ఫోన్ ముందు కూర్చున్నాను. ఎందుకో విను.

కువైట్‌లో నువ్వు వంట చేసిన ఇంటి షావుకారుకు బజారులో మసాలా దినుసుల కొట్టు ఉండేది కదా. నువ్వు ఎత్తుకుని పెంచిన ఆయన కూతురు మరియం ఇప్పుడు ఆ వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో నడుపుతోంది. అక్కడి ఆడవాళ్లు ఇంట్లో కూర్చునే అన్నీ కొంటున్నారు. నీ ఎండురొయ్యల పొడి కూడా అమ్ముతానని ఆ పిల్ల పట్టుబట్టింది. జువ్వలదిన్నె నుంచి రొయ్యలు తెచ్చి, నీలాగే వెల్లుల్లి వేసి దంచి పంపాను. కారం తగ్గించలేదు. ఈరోజే అమ్మకం.

"అరబ్బులు ఇంత కారం తింటారా? అంతా తిరిగొస్తాది చూడు" అన్నాడు మీ మరిది.

మరియం లైవ్‌లోకి వచ్చింది. అరబ్బీలో గలగలా మాట్లాడుతూ వేడన్నంలో నెయ్యి, పొడి వేసింది. ఒక్క ముద్ద తినేసరికి ముక్కు ఎర్రబడింది, అయినా ఇంకో ముద్ద తీసుకుంది. అంతే, ఆర్డర్లు వరసకట్టాయి. చూస్తుండగానే సరుకంతా అయిపోయింది!

"అయిపోయిందంటే నమ్మవేందే!" అని మీ మరిది నన్ను కుదిపేశాడు.

అంతలో ఎవరో మరియంను ఏదో అడిగినట్టున్నారు. తను నవ్వి, అరబ్బీ మధ్యలో నీ దగ్గర నేర్చిన తెలుగు అందుకుంది.

"చెంచా ఆడ పెట్టు. చేత్తో పిసికి తినాల."

మీ మరిది ఉలిక్కిపడ్డాడు.

"ఇదేందే, వదిన మాట్లాడినట్టే ఉండాది!"

నీ చెల్లెలు