పెండ్లి ప్రకటనకు నల్ల చట్రం

చింతామణి, 12-2-1961

అక్కా, దీన్ని అమ్మకు చదివి వినిపించు. నా పని పోయిందని మనూరి పాపన్న సంతలో చెప్పింటాడు. పోలేదు, బాగుండాను.

పోయిన వారం మా పేపర్లో పేజీ కట్టేటప్పుడు ఒక పెండ్లి ప్రకటనకు పూల బార్డరు చాల్లేదు. నా బల్ల మింద ఉన్న నాలుగు సీసపు పట్టీలు కొలత సరిపోయినాయని చుట్టూ బిగించేస్తిని. అచ్చయినాక చూస్తే పెండ్లికూతురి పేరు చుట్టూ చావు ప్రకటనకు వేసే నల్ల చట్రం! వాళ్ళ మేనమామ బాగేపల్లి నుంచి ఏడ్చుకుంటా వచ్చినాడంట. "అచ్చు సామాన్ల పెట్టెలో ఉండాల్సిన పట్టీలు నీ బల్ల మింద ఎందుకుండాయప్పా?" అని ఓనరు అడిగినాడు.

ఎర్రావు ఈనిందా? రాగిపిండి ఇంకా ఉండాది, పంపొద్దు. అప్ప సంవత్సరీకం ఏ తిథో రాయండి, కొడుకును నేను రావల్ల, ఓనర్ని రజా అడగల్ల.

అమ్మా, ఆ పట్టీలు అప్ప పోయినప్పుడు పేపర్లో ఆయన చావు ప్రకటన చుట్టూ వెయ్యను నేనే కోసినవి. అచ్చయి పేజీ విప్పినాక పెట్టెలో వెయ్యబుద్ధి కాలేదు. ఈ పొద్దు వేసేసినాను.

ఆ పెండ్లికూతురి పేరు గిరిజ. చల్లగా ఉండల్లని ఒక దీపం పెట్టు.

నీ కొడుకు,
నంజుండప్ప